మా ఆయన, మా తమ్ముడు, మధ్యలో ఒక సర్వర్

మా ఆయన కోపం వస్తే అరిచే రకం కాదు. ప్రింట్లు తీసే రకం. ఆఫీసు కంప్యూటర్ ఏ తప్పు చూపించినా దాన్ని కాగితాల మీదకు ఎక్కించి, కట్ట కట్టి ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పరుస్తారు. ఇక కంచాలు పెట్టుకోవడానికి చోటుండదు. మా అమ్మాయి ఐదో తరగతి నుంచీ లెక్కలన్నీ ఆ కాగితాల వెనకవైపే చేస్తోంది. దాని లెక్కల్లో తప్పులు తక్కువే. ముందువైపు ఉన్నవన్నీ తప్పులే.

ఆయన పనిచేసేది పెద్దాసుపత్రి కంప్యూటర్ విభాగంలో. టైపిస్టుగా చేరి, సెలవు రోజుల్లో పుస్తకాలు ముందేసుకుని, ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకున్నారు. అది నాకు గొప్పే, ఎవరైనా అడిగితే చెప్పుకుంటాను కూడా. కానీ తనంతట తాను నేర్చుకున్నవాళ్ళతో ఒక చిక్కుంది. నేర్పినవాళ్ళు లేరు కనుక దిద్దినవాళ్ళూ ఉండరు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే అది తోకంటారు. పాలు పొంగిపోతే గిన్నె చిన్నదంటారు, బస్సు తప్పిపోతే డ్రైవర్ తొందరపడ్డాడంటారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఇంట్లో జరిగిన పొరపాట్లన్నీ వస్తువులవీ, వాతావరణానివీ, నావీను.

ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో ఒక గదిలో పెద్ద సర్వర్ ఉంది. రోగుల నంబర్లు, పరీక్షలు, ఫలితాలు అన్నీ దాని కడుపులోనే. మూడేళ్ళ కిందట దాన్ని కొన్నప్పుడు, అది అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు నింపి, నిలబెట్టింది మా ఆయనే. ఆ గది ఎప్పుడూ చల్లగా ఉండాలట. అందుకని బయట ఎండలు మండిపోతున్నా ఆయన సంచిలో స్వెట్టర్ ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు అది చూసి, జ్వరమా అని కాస్త జరుగుతారు.

కింది అంతస్తులో రక్తం తీసే కౌంటర్. తీసిన రక్తం గొట్టాల మీద పేరూ నంబరూ చేత్తో రాసి అంటించేవారు. రోజుకు ఆరేడు వందలు. ఒకరోజు ఎవరో రాసిన ఒకటి అంకె ఏడులా కనబడి, ఇద్దరి ఫలితాలు తారుమారయ్యాయి. ఎవరికీ ప్రాణం మీదకు రాలేదు గానీ, పంచదార జబ్బు లేని పెద్దమనిషి ఒకాయన పదిరోజులు నోరు కట్టుకుని కూర్చున్నాడు. నిజం తెలిశాక వచ్చి కౌంటర్ దగ్గర ఆయన వేసిన కేకలు మూడో అంతస్తు దాకా వినిపించాయట. ఆ రోజే పెద్దసారు, అంటే ఆసుపత్రి పరిపాలన చూసే అధికారి, ఇక చేతిరాత వద్దు, స్టిక్కర్లు కంప్యూటర్లోంచే రావాలి అన్నారు.

బ్రౌజర్‌లో పేజీ తెరిచి కొడితే ఆ బుల్లి స్టిక్కర్ ప్రింటర్ మాట వినదట. పేరు సగం స్టిక్కర్ మీద పడితే సగం గాల్లో పోతుందట. అందుకని మా ఆయన విడిగా, తన కాళ్ళ మీద తాను నిలబడే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశారు. అది కౌంటర్ కంప్యూటర్‌లో ఉంటుంది. రోగి నంబరు కొట్టగానే పైనున్న సర్వర్‌ను పిలిచి, వివరాలు తెచ్చుకుని, స్టిక్కర్ కొడుతుంది. ఇంతే. ఇంతేనని ఆయనే అన్నారు. నాలుగు రోజుల పని అని కూడా ఆయనే అన్నారు. ఆ నాలుగు రోజులు ఏడు వారాలు నడిచాయి.

ఇక మా తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పదహారు. అన్నం కలిపి పెట్టిందీ, బడికి దిగబెట్టిందీ, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుందీ నేనే. పెద్దయ్యాక కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపే చదువు చదివాడు. ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసుకునే మనిషి కావాలని తెలిసి, నేనే మా ఆయన ప్రాణం తీసి వాణ్ణి అక్కడ పెట్టించాను. ఏడాదికోసారి కాంట్రాక్టు. ఫైలులో చెడ్డమాట లేకపోతే పొడిగిస్తారు, ఉంటే దయచేయమంటారు. ఈసారి పొడిగిస్తే ఏకంగా మూడేళ్ళకట. ఆ మూడేళ్ళ కోసం వాడు నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఆ కాగితం మీద సంతకం ఈ నెలాఖరుకు పడాలి.

ప్రోగ్రాం సంగతికొస్తే, మొదటి మూడు వారాలు ఫైళ్ళ వేట. సర్వర్ దగ్గరున్న ఫైళ్ళే అచ్చంగా ప్రోగ్రాం దగ్గరా ఉండాలట. ఒక్కటి తక్కువైనా అలుగుతుందట, ఒక్కటి పాతదైనా మొరాయిస్తుందట. కొత్తకోడలికి కూడా అన్ని ఆరాలుండవు. ఎలాగో ఆ గండం గట్టెక్కి, మా ఆయన దాన్ని సర్వర్ గదిలో, సర్వర్ మీదే నడిపి చూశారు. స్టిక్కర్ వచ్చింది.

వాళ్ళ ఆఫీసులో మొదటినుంచీ అదే పద్ధతి. కింద కౌంటర్ కంప్యూటర్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఖాళీ ఉండవు. కాబట్టి ఏది రాసినా పైగదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చుని అక్కడే పరీక్షిస్తారు. అక్కడ నడిస్తే నడిచినట్టే. పెద్దసారును కూడా అక్కడికే పిలిచి చూపిస్తారు. ఆయన చలికి చేతులు రుద్దుకుంటూ, బాగుంది బాగుంది అని రెండు నిమిషాల్లో పారిపోతారు.

బాగుందని అనిపించుకున్న ప్రోగ్రామును తీసుకెళ్ళి కింద కౌంటర్‌లో పెట్టారు. నంబరు కొట్టారు. స్టిక్కర్ రాలేదు, ఎర్ర అక్షరాలు వచ్చాయి. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని.

“అంటే ఏమిటండీ?” అని అడిగిందట కౌంటర్ ఆవిడ. పాతికేళ్ళుగా అక్కడ రక్తం తీస్తున్న మనిషి.

“రానివ్వడం లేదని.”

“ఎవరు?”

ఆ ఎవరు అన్న మాటే మా ఆయనకు పట్టుకుంది. రానివ్వడం లేదంటే రానివ్వనివాడు ఒకడుండాలి. కంప్యూటర్ల మధ్య గేటు పెట్టి, ఏది వెళ్ళాలో ఏది వెళ్ళకూడదో చూసేది ఎవరు? నెట్‌వర్క్ మనిషి. ఆ నెట్‌వర్క్ మనిషి ఎవరు? నా తమ్ముడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఆ మద్దెల సొంత బావమరిది అయితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

వాడు ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఆ ఆదివారం వాడు ఇంకా చేయి కడుక్కోకముందే మొదలయ్యింది.

“ఏమోయ్, గేటు తీయవా?” అన్నారు ఈయన.

“ఏ గేటు బావా? మీరడిగిన రెండూ తొమ్మిదో తారీఖునే తీశాను.”

“తీస్తే రిఫ్యూజ్డ్ అని ఎందుకొస్తుంది?”

“నేను ఆపితే అలా రాదు బావా. నా గేటు ఆపిందంటే అసలు నోరే విప్పదు. పిలిచినవాడు పిలిచి పిలిచి, టైమైపోయిందని వాడే పడిపోతాడు. మీ ప్రోగ్రాముకి అడగ్గానే ‘పో’ అని జవాబొస్తోంది. అంటే ఎవరిదో తలుపు దాకా వెళ్ళింది, అక్కడ పని చేసేవాడు లేడు. అది నేను కాదు.”

“నాకు పాఠాలు చెప్తున్నావా?”

“పాఠం కాదు, నా దగ్గర నమోదైంది చెప్తున్నా. మీ ప్రోగ్రాం నా గేటులోంచి ఒక్కసారి పైకి వెళ్తోంది. జవాబు తీసుకుని కిందికి వస్తోంది. రెండోసారి నా దగ్గరికి రావట్లేదు. రానిదాన్ని నేనెలా ఆపుతాను?”

“రాసినవాణ్ణి నాకు తెలీదా? అది రెండుసార్లు వెళ్తుంది. మొదట సర్వర్ దగ్గరికెళ్ళి, ఈ పని చేసేవాడు ఎక్కడుంటాడని అడిగి చిరునామా తెచ్చుకుంటుంది. తర్వాత ఆ చిరునామాకి వెళ్తుంది. రెండోసారి వెళ్ళకపోతే ఆ ‘పో’ అన్నది ఎవరు మరి?”

“నేనూ అదే అడుగుతున్నాను బావా. ఎక్కడికి వెళ్తోందో చూడండి.”

ఈయన చూడలేదు. పెరుగు వేసుకోకుండానే లేచి చేయి కడుక్కున్నారు. అలా లేస్తే మా ఇంట్లో చర్చ ముగిసినట్టు.

నేను వాడి వెనకే గుమ్మం దాకా వెళ్ళాను. “ఒరేయ్, ఆయన సంగతి నీకు తెలిసిందేగా. నెలాఖరు దగ్గర పడుతోంది. ఏదో ఒకటి మూసే ఉంటావు, చూసి తీసెయ్. పొరపాటైంది బావా అని ఒక్క మాట అనేస్తే పోయేదేముంది, పెద్దవాడేగా?” అన్నాను.

వాడు చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగి నా మొహంలోకి చూశాడు. “నేనేం మూయలేదు అక్కా” అన్నాడు.

“సరేలే. అయినా ఒకసారి చూడు.”

వాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి గిన్నెలు కడుగుతూ, అడకత్తెరలో పోకచెక్కను నేనే కదా అని నా మీద నేనే జాలిపడ్డాను. ఇద్దరికీ సర్దిచెప్పలేక చస్తున్నానని పక్కింటావిడతో కూడా చెప్పుకున్నాను.

ఆ వారమే మా ఆయన పెద్దసారుకు ఉత్తరం రాశారు. ‘నెట్‌వర్క్ విభాగము సహకరించనందున ప్రోగ్రాము ఆలస్యమగుచున్నది’ అని. విభాగం అంటే అక్కడేదో పదిమంది ఉన్నట్టు! ఆ విభాగంలో ఉన్నది ఒక కుర్చీ, ఒక బల్ల, మా తమ్ముడు. ఆ ఉత్తరం వాడి ఫైలులోకి చేరింది. పెద్దసారు వాణ్ణి పిలిచి, ఈ కాగితం ఫైలులో ఉండగా పొడిగింపు మీద సంతకం పెట్టడం కష్టమని చెప్పేశారు.

“వాడి పేరు రాయలేదుగా” అన్నారు మా ఆయన, నేను అడిగితే.

“వాడి చిరునామా రాశారు, అది చాలు” అన్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ నిజం చెప్పాలి. నేను కోప్పడింది ఉత్తరం రాసినందుకు. అందులో ఉన్నది అబద్ధమేమోనన్న ఆలోచన నాకు రాలేదు. వీడు ఏదో మూసే ఉంటాడు, పంతానికి పోయి ఒప్పుకోవడం లేదు, ఇద్దరూ ఇద్దరే అనుకున్నాను. తర్వాతి ఆదివారం వాడు భోజనానికి రాలేదు. ఆపై ఆదివారం కూడా రాలేదు.

ఆ రెండో ఆదివారం పొద్దున మా ఆయన తన కళ్ళజోడు మీద తానే కూర్చుని, కుర్చీలో ఎవరు పెట్టారని ఇల్లంతా విచారణ జరిపారు. కళ్ళజోళ్ళ కొట్టు సోమవారం గాని తెరవరు. బల్ల మీద చూస్తే నలభై మూడు పేజీల కట్ట. ప్రోగ్రాం వేసే ప్రతి అడుగూ చెప్పేటట్టు ఏదో మార్చి, కౌంటర్‌లో నడిపి తెచ్చిన ప్రింటు అది. చదివేవాళ్ళు లేరు. అమ్మాయి స్నేహితురాలి ఇంటికి పారిపోయింది. దొరికింది నేను.

“ఇదిగో, కాస్త చదివిపెట్టు. నేను వింటాను.”

పొయ్యి మీద కూర ఉంది. అయినా కూర్చున్నాను. నా ఇంగ్లీషు పదో తరగతిది, అదీ అంతంతమాత్రం. ఆ కాగితాల్లో ప్రతి లైనూ ఎట్ అనే మొదలవుతుంది. ఎట్ ఫలానా, ఎట్ ఫలానా, ఎట్ ఫలానా. మనుషులు ఇలాంటివి కూర్చుని ఎలా రాస్తారో, ఏ పాపం చేస్తే చదవాల్సి వస్తుందో అనుకుంటూ రెండు పేజీలు చదివాను.

“ఎట్‌లు వదిలెయ్. మధ్య మధ్య మామూలు మాటలుంటాయి, అవి చదువు.”

“ముందే చెప్పొచ్చుగా! గొంతు ఎండిపోయింది.”

ఇరవై ఆరో పేజీలో మామూలు మాటలు కనిపించాయి. సర్వర్‌ను పిలుస్తున్నాను అని ఒక లైను, పక్కన సర్వర్ నంబరు. జవాబు వచ్చింది అని ఇంకో లైను. దాని కింద, పని చేసేవాడి చిరునామా ఇది, అక్కడికి వెళ్తున్నాను అని ఒక నంబరు.

“నూట ఇరవై ఏడు, చుక్క, సున్నా, చుక్క, సున్నా, చుక్క, ఒకటి” అని చదివాను.

“ఏమిటీ?”

మళ్ళీ చదివాను.

“సరిగ్గా చూసి చదువు.”

“సున్నా చదవడం కూడా రాదనుకున్నారా? నూట ఇరవై ఏడండీ! తర్వాత రెండు సున్నాలు, ఒక ఒకటి. దాని కింద రిఫ్యూజ్డ్.”

ఆయన కాగితం లాక్కుని ముక్కుకు ఆనించుకుని చూశారు. తర్వాత మెల్లిగా మడిచి జేబులో పెట్టుకుని, మిగతా నలభై రెండు పేజీలూ కట్ట కట్టేశారు. ఏమిటండీ అంటే ఏం లేదన్నారు. ఆ హడావుడిలో నేను కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను. ఆయన ఆ కూర ఒక్క మాట అనకుండా తిని లేచారు. ఏదో జరిగిందని అప్పుడే నాకు తెలిసింది.

ఏం జరిగిందో సోమవారం సాయంత్రం చెప్పారు. ప్రతి కంప్యూటరూ తనను తాను పిలుచుకోవడానికి ఒకే నంబరు వాడుతుందట. నిన్న నేను చదివిన నంబరు అదే. ప్రోగ్రాం వెళ్ళి పని చేసేవాడి చిరునామా అడిగితే, మా సర్వర్ ఆ నంబరు రాసి చేతిలో పెడుతోంది. పైగదిలో, సర్వర్ మీదే కూర్చుని నడిపినప్పుడు ఆ చిరునామాతో ఏ ఇబ్బందీ లేదు, అడిగేవాడూ పని చేసేవాడూ ఒకే ఇంట్లో ఉన్నారు కనుక. కింద కౌంటర్ కంప్యూటర్‌కు అదే చిరునామా ఇస్తే, అది సర్వర్ దగ్గరికి రావడం మానేసి, వెళ్ళి తన తలుపు తానే కొట్టుకుంటోంది. అక్కడ పని చేసేవాడు ఎవరుంటారు? ‘పో’ అంటున్నది ఆ కౌంటర్ కంప్యూటరే. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నా తమ్ముడి గేటు దాకా అది రెండోసారి రావలసిన పనే లేదు. వాడు చెప్పింది చెప్పినట్టు నిజం.

మరి సర్వర్‌లో ఆ నంబరు పెట్టిందెవరు? మూడేళ్ళ కిందట దాన్ని నిలబెట్టేటప్పుడు, నీ చిరునామా ఏమిటని అది అడిగిన ప్రశ్నకు, తర్వాత మార్చుకోవచ్చులే అని ఆ నంబరు నింపి వదిలేసింది మా ఆయనే. ఆ సంగతి ఆయనే మరిచిపోయారు. ఎప్పుడూ పైగదిలోనే పరీక్షించుకునే మనిషికి అది గుర్తొచ్చే అవకాశమూ లేదు.

“మరి ఇప్పుడు?” అన్నాను.

“మధ్యాహ్నం ఆ ఒక్క లైను మార్చి సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలెట్టాను. కింద నడుస్తోంది. కౌంటర్ ఆవిడ మొదటి స్టిక్కర్ నాకే ఇచ్చింది దాచుకోమని.” జేబులోంచి తీసి చూపించారు కూడా. మొహంలో సంతోషం మాత్రం లేదు.

“పెద్దసారుకి చెప్పారా?”

“ఆయన వచ్చి చూశారు.”

“చూసి?”

“చూశారా, ఒక్క ఉత్తరంతో నెట్‌వర్క్ వాళ్ళు దారికొచ్చారు, ఏదైనా కాగితం మీద పెట్టాలనేది ఇందుకే అన్నారు. ఆ మనిషిని మార్చేద్దాం, వచ్చే నెలనుంచి ఇంకొకణ్ణి చూద్దాం అన్నారు.”

“మీరేమన్నారు?”

ఆయన స్టిక్కర్‌ను తిప్పి వెనకవైపు చూస్తూ కూర్చున్నారు. “ఏమీ అనలేదు.”

“ఏమీ అనలేదా!”

“చుట్టూ అందరూ ఉన్నారు. చప్పట్లు కొడుతున్నారు. అంతమందిలో ఎలా...”

నాకు ఒళ్ళు మండిపోయింది. “అంతమందీ చూసేటట్టు వాడి మీద కాగితం పెట్టడానికి రాని మొహమాటం, తీయడానికి వచ్చిందా? వాడు మీకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు, మన ఇంట్లో, ఈ బల్ల దగ్గరే! విన్నారా?”

“రేపు వీలు చూసుకుని మెల్లిగా చెప్తాను.”

“శుక్రవారం నెలాఖరు. మెల్లిగా అంటే మీ లెక్కలో ఎన్ని వారాలు? నాలుగు రోజుల పని అంటే ఏడు వారాలు నాకు తెలుసు. మీరు చెప్తారా, నన్ను వచ్చి చెప్పమంటారా?”

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. పడుకున్నారనుకున్నాను. కాసేపటికి అమ్మాయిని తెల్లకాగితం అడగడం వినిపించింది. ఇల్లంతా వెతికినా రెండువైపులా ఖాళీగా ఉన్న కాగితం ఒక్కటి దొరకలేదు. చొక్కా వేసుకుని వీధి చివరి కొట్టుకు వెళ్ళి కొనుక్కొచ్చారు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని, రెండు పేజీలు రాశారు. రాసి నాకు చదివి వినిపించారు.

మనిషి మొండివాడే గానీ, రాయడానికి కూర్చుంటే అక్షరం అటూ ఇటూ పోనివ్వడు. సర్వర్‌లో ఏ ఫైలులో ఏ లైనులో ఏముందో, ఏ తేదీన తాను పెట్టారో రాశారు. ‘తొమ్మిదవ తేదీన నెట్‌వర్క్ విభాగము రెండు గేట్లను తెరిచినది. పన్నెండవ తేదీ ఆదివారమున మా ఇంట భోజనము చేయుచుండగా, ప్రోగ్రాము రెండవసారి గేటు వరకు వచ్చుట లేదని నాకు చెప్పినది. నేను వినలేదు. నా మొదటి ఉత్తరము తప్పు. దానిని నెట్‌వర్క్ విభాగపు ఫైలు నుండి తీసి, దీనితో పాటు నా ఫైలులో ఉంచగోరుచున్నాను’ అని ఉంది. విభాగం భోజనం చేయడమేమిటని నవ్వబోయి, ఏడ్చేశాను. ఆయన మీద ఎన్నాళ్ళుగానో ఉన్న విసుగంతా ఆ రెండు పేజీలతో సగం పోయింది. సగమే.

మంగళవారం పెద్దసారు ఆ ఉత్తరం చదివి కంగారుపడ్డారట. “ఇదంతా ఎందుకండీ, నడుస్తోందిగా? చించి పారేయండి. పోనీ అతనికి సంతకం పెట్టేస్తాలెండి, మీ పరువెందుకు పోగొట్టుకుంటారు?” అన్నారట. మా ఆయన ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని, కింద ఉత్తరాలు తీసుకునే బల్ల దగ్గరికి వెళ్ళి, అందినట్టు ముద్ర వేయించి, నంబరు వేయించి, మళ్ళీ పైకి తెచ్చి ఇచ్చారు. ముద్ర పడ్డ కాగితాన్ని ఎవరూ చించలేరు. శుక్రవారం నా తమ్ముడికి మూడేళ్ళ పొడిగింపు వచ్చింది. ఆ తర్వాతి సోమవారం సర్వర్ బాధ్యత మా ఆయన దగ్గరనుంచి తీసి ఇంకొకాయనకు ఇచ్చారు. ఇప్పుడు ఈయనకు కౌంటర్ పక్కనే ఒక బల్ల వేశారు. అక్కడ చలి లేదు, చప్పుడు మాత్రం చాలా ఉందంటారు. సర్వర్ పోయినందుకు బాధగా ఉందా అని అడిగితే, ఆ గదిలో కీళ్ళు పట్టేస్తాయన్నారు. ఈ జన్మకు ఆయన ఇంతే.

ఆఫీసులో బావా బావమరుదులు మామూలైపోయారు. ఇద్దరూ కలిసి టీ తాగుతారట, మళ్ళీ ఏదో గేటు గురించి గట్టిగట్టిగా వాదించుకుంటారట. ఇదంతా మా ఆయనే చెబుతారు. కానీ వాడు మా ఇంటికి రాలేదు. ఒక ఆదివారం తలనొప్పన్నాడు. ఇంకో ఆదివారం పనుందన్నాడు. మూడో ఆదివారం ఫోనే ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన అంత చేశాక ఇంకా ఏమిటీ అలక అనుకుని, వాడి వాటా అన్నం డబ్బాలో సర్దుకుని, బస్సెక్కి వాడి గదికి వెళ్ళాను.

వాడు తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“బావ మీద ఇంకా కోపమేనా? ముద్ర వేయించి మరీ ఇచ్చారు కదరా మనిషి!”

“బావ మీద కోపమేంటి అక్కా? నిన్న కూడా కలిసి టీ తాగాం.”

“మరి రావేం?”

వాడు తలుపు గడియను అటూ ఇటూ జరిపాడు. “బావ నన్ను నమ్మకపోవడంలో అర్థముంది అక్కా. ఆయన రాసిన ప్రోగ్రాం, ఆయన నిలబెట్టిన సర్వర్. వాటి మీద నమ్మకం ఆయనకి. నీకు ప్రోగ్రామూ తెలీదు, సర్వరూ తెలీదు. నీకు తెలిసింది నేనొక్కణ్ణే. నేనేం మూయలేదని నీ మొహం చూసి చెప్పాను. నువ్వు సరేలే అన్నావు.”

“నెలాఖరు దగ్గర పడిందని భయపడ్డానురా. ఎలాగోలా నీ కాగితం మీద సంతకం పడాలని...”

నిజమే, భయపడ్డాను. కానీ వాడు అడిగింది అది కాదు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. డబ్బా చెయ్యి మార్చుకున్నాను. ఆరేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు వాడు అద్దం పగలగొట్టలేదంటే, ఇల్లంతా ఒకవైపై కొట్టబోతున్నా, వీడు చేయలేదంటే చేయలేదని అడ్డం నిలబడ్డదాన్ని నేను.

“నిన్ను నమ్మలేదురా” అన్నాను చివరికి.

“ఊఁ” అన్నాడు వాడు.

ఇంకేదైనా తేలికైన మాట అంటాడేమోనని కాసేపు అలాగే చూశాను. అనలేదు.